ముగ్గురుంటే ఆగే బస్సు: వత్సవాయి నుంచి మధిర మీదుగా విజయవాడ పాసింజరు ప్రయాణం

మా చిన్నమ్మాయి మౌనికకు విజయవాడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటు వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే మాట నలుగుతోంది. రోజూ ఇంటి నుంచి వెళ్లి రావాలా, హాస్టల్లో ఉండాలా అని. మాది వత్సవాయి మండలంలో చిన్న ఊరు. మా పెద్దమ్మాయి శిరీష విజయవాడ వన్‌టౌన్‌లో కళ్లజోళ్ల షాపులో పనిచేస్తూ, మధిర వెళ్లి పాసింజరు ఎక్కి, రోజూ అలాగే వెళ్లొచ్చేది. పోయిన ఏడాది పత్తి తీతలప్పుడు, రైలు దిగి స్కూటీ మీద ఇంటికొస్తూ, వెనక లైటు లేని పత్తి ట్రాలీని చీకట్లో గుద్దుకుంది. ఇంటికి రాలేదు. ఇప్పుడు చిన్నది, "అక్క వెళ్లిన బండిలోనే నేనూ వెళ్తానమ్మా, నిన్నొదిలి హాస్టల్లో ఉండలేను" అంటుంది. మా ఆయనేమో, "ఆ రోడ్డెక్కడం నా వల్ల కాదు. నువ్వే ఒకసారి పోయి చూసిరా. నువ్వేమంటే అదే" అన్నాడు. అందుకని ఒక రోజు పొద్దున్నే నేనే బయల్దేరాను. మా వైపు నుంచి పిల్లల్ని పంపే తల్లులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

నేరుగా బస్సులో వెళ్లొచ్చుగా అని మీరడగొచ్చు. వెళ్లొచ్చు. వత్సవాయి నుంచి జగ్గయ్యపేట వెళ్లి, అక్కడ విజయవాడ బస్సెక్కాలి. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టుకు డబ్బులక్కర్లేదు. అందుకే పొద్దుటి బస్సుల్లో కాలు పెట్టడానికి సందుండదు. నందిగామలో కొందరు దిగితే సీటు దొరుకుతుంది, లేదంటే అదీ లేదు. నేను ఒకసారి విజయవాడ దాకా నిలబడే వెళ్లాను. ఇంట్లో బయల్దేరింది మొదలు దిగేసరికి మూడు గంటలు. రోజూ పోను మూడు, రాను మూడు అంటే ఇంక చదివేదెప్పుడు? మధిర వెళ్లి రైలెక్కితే పోను రెండున్నర గంటల్లో పని అయిపోతుంది, కూర్చుని కాసేపు పుస్తకమూ తీయొచ్చు. శిరీష కూడా అందుకే రైలు పట్టుకుంది.

ఐదున్నరకు మా ఊరి అడ్డరోడ్డులో షేర్ ఆటో ఎక్కాను. మధిరకు యాభై రూపాయలు. ఆటో కుర్రాడు మా ఊరివాడే, వరసకు కొడుకవుతాడు. బండి నిండిందాకా కదల్లేదు. కదిలాక కొంచెం దూరంలోనే రైలు గేటు వేసి ఉంది. జగ్గయ్యపేట నుంచి మోటుమర్రికి వెళ్లే పట్టాలవి. అక్కడ పెద్ద లైన్లో కలుస్తాయి. మా చేల అవతలే ఈ పట్టాలున్నా, మేము ఎక్కే బండి ఒక్కటీ రాదు. సిమెంటు గూడ్సే పోతుంది. ఆ రోజూ అదే పోతోంది, పెట్టె వెనక పెట్టె, ఎంతసేపటికీ అయిపోదు.

"ఏరా, దీని మీదే మనుషులెక్కే బండి ఒకటి తిప్పితే ఏం పోయింది? మధిర దాకా ఈ తిప్పలెందుకు?" అన్నాను.

"ఎవరెక్కుతారు పిన్నీ? మన ఊళ్లల్లో మనుషులెందరున్నారని? సిమెంటు బస్తాలైతే చెప్పిన టైముకొస్తయి, సీటడగవు, ఫ్యాను తిరగట్లేదని గొడవ పెట్టవు."

"మరి నీ ఆటోలో ఇంతమందిని కుక్కావుగా, వీళ్లెక్కణ్ణించొచ్చారు?"

"ఈ పదిమంది కోసం అరగంట నించి హారను కొడతన్నా. రైలోడు కొడతాడా?"

ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ వాడన్నది నా మనసులో ఉండిపోయింది.

మధిర తెలంగాణలోకి వస్తుంది కానీ మాకు దగ్గర స్టేషను అదే. విజయవాడకు పాసింజరు టికెట్టు పదిహేను రూపాయలు. ఏడు దాటాక బండి వచ్చింది. ఖాళీగా ఉంటుందనుకున్నాను, లేదు. పాలక్యాన్లు, కాలేజీ పిల్లలు, మేస్త్రీ పనివాళ్లు. ఆడవాళ్లున్న పెట్టెలో ఎక్కి తలుపు దగ్గర నిలబడితే, కిటికీ పక్క నుంచి ఒకావిడ నన్నే చూస్తోంది.

"నువ్వు శిరీష వాళ్లమ్మవు కదూ? అదే ముక్కు, అదే నిలబడటం. రా వదినా, ఇటు కూర్చో" అని తను జరిగి చోటిచ్చింది.

ఆవిడ పేరు నాగమణి. మా రోడ్డు మీదే అవతలి ఊరు, వన్‌టౌన్‌లో ఒక మెస్సులో వంట చేస్తుంది. ఎర్రుపాలెం దాటేదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. గంగినేని స్టేషను దగ్గర నేనే అడిగాను, సాయంత్రం మధిరలో బస్సుంటుంది కదా, మా పిల్ల స్కూటీ ఎందుకు కొన్నదో నాకు చెప్పలేదు అని.

"ఉంటది. కానీ రైలు రాకముందే పోతది" అంది నాగమణి. "రైలొచ్చేది బస్సు వెళ్లిన పది నిమిషాలకి. ఇదివరకు మేము ఐదుగురం ఉండేవాళ్లం వదినా. కొండపల్లి దాటగానే శిరీషే ఆ బస్సు కండక్టరుకి ఫోన్ చేసేది. ఆయన మంచోడే. 'ముగ్గురికి తగ్గకుండా ఉంటే ఆపుతా, ఒకరిద్దరి కోసం ఆపితే మిగతావాళ్లు నన్ను తింటారు' అనేవాడు. తర్వాత ఒకమ్మాయికి పెళ్లయింది. ఇంకొకావిడ బెజవాడలోనే గది తీసుకుంది. నాకు మోకాలి నొప్పొచ్చి రెండు నెల్లు పనికి పోలా. శిరీషా, దాని షాపులో పిల్ల దుర్గా ఇద్దరే మిగిలారు. బస్సు ఆగటం మానేసింది. అప్పుడు కొన్నది స్కూటీ. నేను తిరిగి పనికొచ్చేసరికి పిల్లే లేదు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. రాయనపాడు వచ్చింది, విజయవాడ వచ్చింది, ఏమీ చూసినట్టు గుర్తు లేదు.

స్టేషను నుంచి కాలేజీకి నడిచి పది నిమిషాలు. కాలేజీ బాగుంది, పక్క వీధిలో ఆడపిల్లల హాస్టలూ చూశాను. గదికి నలుగురు, నెలకు ఐదున్నర వేలు, కిటికీకి ఎదురుగా గోడ. మధ్యాహ్నం నాగమణి మెస్సులోనే దోసకాయ పప్పుతో తిన్నాను. డబ్బులివ్వబోతే, "నువ్వు తిన్నదెంతని? లోపల పెట్టు" అని కసిరింది.

సాయంత్రం ఆరింటి బండికి ముగ్గురం ఎక్కాం. నేను, నాగమణి, షాపులో శిరీష పక్కన పనిచేసిన దుర్గ. పెట్టెలో ఆడవాళ్లు గోంగూర కొనుక్కొచ్చి ఒళ్లో వేసుకుని ఆకు గిల్లుతున్నారు, ఇంటికెళ్లగానే పొయ్యి మీద పెట్టడానికి. దుర్గ చాలా హుషారుగా ఉంది.

"ఆంటీ, ఇవాళ మనం ముగ్గురం! చాన్నాళ్లైంది" అని కొండపల్లి దాటగానే కండక్టరుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. "అన్నా, ఇవాళ ముగ్గురం వస్తన్నాం."

"ముగ్గురా? సరేనమ్మా, ఆపుతాలే. పరుగెత్తుకు రావాలి మరి" అన్నాడాయన.

నాకు ఎక్కడ లేని ఆశ పుట్టింది. మౌనిక వస్తే వీళ్లు రోజూ ముగ్గురవుతారు. బస్సు రోజూ ఆగుతుంది. పిల్ల రాత్రికి ఇంట్లో ఉంటుంది, నా కంచం పక్కన కంచం పెట్టుకుంటుంది. దుర్గ కూడా అదే లెక్కలో ఉంది. "మౌనికని పంపండి ఆంటీ. నేను చూసుకుంటా" అంది.

ఎర్రుపాలెంలో బండిని పక్క లైన్లో పెట్టారు, వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందని. అది దూసుకుపోయింది. ఇంక కదులుతుందనుకుంటే ఇంకో గూడ్సు వచ్చింది. గోంగూర గిల్లడం అయిపోయింది, ఒకావిడ సంచిలో సర్దేసింది. దుర్గ ఫోను మోగింది.

"ఎక్కడున్నారమ్మా?"

"ఎర్రుపాలెంలోనే అన్నా. కదిలేట్టుంది, ఇంకో ఐదు నిమిషాలు..."

"ఇప్పటికే పావుగంటైంది తల్లీ. బస్సులో చంటిపిల్లలు ఏడుస్తన్నారు. పెద్దాయనొకాయన నా మీదికే లేచాడు. ఇంక నా వల్ల కాదమ్మా, ఏమనుకోకండి."

ఆయన్ని అనడానికి ఏముంది? అడిగినదానికంటే ఎక్కువే ఆగాడు.

మధిరలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. పగలు యాభై తీసుకునే దారికి ముగ్గురికీ కలిపి నాలుగు వందలన్నాడు. వీళ్లిద్దరూ రోజూ ఇలాగే ఎవరో ఒకరితో ఆటో పంచుకుని పోతున్నారట. వేరే దారి లేక ఎక్కాం. చీకటి రోడ్డు మీద ముందు పత్తి ట్రాలీ కనిపించినప్పుడల్లా దుర్గ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తను దిగబోతూ మళ్లీ అడిగింది. "పంపుతారా ఆంటీ?"

"పంపనమ్మా. హాస్టల్లో వేస్తాం" అన్నాను.

దాని మొహం చిన్నబోయింది. నాగమణి మాత్రం, "నేనైనా అదే చేస్తా వదినా" అంది.

ఇంటికొచ్చి చెప్తే మౌనిక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. జనం తక్కువున్న చోట రైలు నడుస్తుందా అని ఎవరైనా అడిగితే, నడుస్తుందనే చెప్తాను. నేనెక్కిన బండి నిండుగానే ఉంది. రైలొచ్చిందాకా బస్సు ఆగాలన్నది కండక్టరు మంచితనంగా కాకుండా పద్ధతిగా ఉంటే చాలు, మా ఊళ్ల నుంచి ఎక్కేవాళ్లు ఇంకా ఉంటారు. మా చేల అవతల పట్టాల మీద రోజుకొక్క బండి తిరిగినా ఉంటారు. కానీ రేపు ఎవరైనా వచ్చి ఈ దారిన రోజూ వెళ్లొచ్చేవాళ్లు ఎందరని లెక్క రాసుకుంటే, పెళ్లై పోయిన పిల్ల అందులో ఉండదు, గది తీసుకున్నావిడ ఉండదు, నా పిల్లలిద్దరూ ఉండరు. ఎక్కేవాళ్లు లేరని రాసుకుని వెళ్లిపోతారు. దుర్గకు మూడో మనిషి దొరక్కుండా చేసింది నేనే. తెలిసే చేశాను. ఉన్న ఒక్క పిల్లనీ ఆ పది నిమిషాల చేతిలో పెట్టలేకపోయాను.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పొద్దున మధిరలో రైలు టికెట్టు తీసుకునే ముందే, బస్టాండుకి వెళ్లి సాయంత్రం మీ ఊరి వైపు ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి. అది రైలు కంటే ముందుంటే, పొద్దున తీసుకెళ్లిన ఆటో అబ్బాయితోనే రాత్రికి రమ్మని అప్పుడే మాట్లాడి పెట్టుకోండి.