గాజుపెట్టెలో గరిటె

ఫ్యాన్ల కంపెనీ పెట్టి నూరేళ్లయిందని, అక్కడ కొత్తగా కనిపెట్టినవన్నీ ఒక హాల్లో వరసగా పెట్టి పాత పనివాళ్లను పిలిచారు. మోటార్లకు తీగ చుట్టి చుట్టి రిటైరైన ఆమె కూడా మొగుడితో కలిసి వెళ్లింది. ఒక గాజుపెట్టె ముందు ఆమె కాళ్లు ఆగిపోయాయి.

లోపల తన గరిటె ఉంది, మేకుకు తగిలించే చిల్లుతో సహా.

వయసులో ఉన్నప్పుడు మోటారు గాడిలోకి రాగితీగ కూరుతుంటే వేళ్లు కోసుకుపోయేవి. చెయ్యి నీళ్లలో పెడితే ప్రాణం పోయేది. విసుగెత్తి ఇంట్లో గరిటె కాడను సాగగొట్టి, దాంతో తీగను లోపలికి నొక్కింది. పని సాఫీగా సాగింది. అప్పుడు సూపర్‌వైజరుగా ఉన్న మొగుడు, పైవాళ్లకు చూపిస్తానని దాన్ని పట్టుకెళ్లి, సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు.

"నవ్వారే. వంటింటి సామాను ఇక్కడెందుకని చెత్తలో పడేశారు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తర్వాత ఎన్ని ఉపాయాలు తట్టినా నోరు మెదపలేదు. మేనేజరు ఎదురైతే తల దించుకుని పక్కకు తప్పుకునేది. కొన్నాళ్లకు కంపెనీ అలాంటి పనిముట్లే అందరికీ పంచితే, చదువుకున్నవాళ్ల బుర్రలే వేరు అనుకుంది.

ఇప్పుడు గరిటె పక్కన మీసం మెలేసిన ఫొటో ఒకటి ఉంది. కనిపెట్టిన మేధావి ఆమె మొగుడేనట.

అతను సర్దిచెప్పబోయాడు. "ఎవరి పేరుంటే ఏంటే? మనిద్దరిదీ ఒకటే ఇంటిపేరుగా."

"పేరు మీరే ఉంచుకోండి," అంది ఆమె, గాజు మీద నుంచి చెయ్యి తీయకుండా. "వాళ్లు నవ్వారని ఎందుకు చెప్పారు?"