అరవై తొమ్మిది దగ్గర ఆగిన ట్యాంకు

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక వానాకాలంలో, విశాఖ రేవు దగ్గర వంటనూనెలు నిల్వచేసే టెర్మినల్‌లో సీనియర్ ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరుగా చేరాను. మూడో నెలలో, ఓడ నుంచి పామాయిల్ ఎక్కిస్తుండగా నాలుగో ట్యాంకు పొంగింది. ఎనభై అయిదు శాతం దగ్గర మోగాల్సిన అలారం మోగలేదు. ప్యానెల్ ఆపరేటరు పైడిరాజు పంపు ఆపించలేదు. కాంట్రాక్టు ఉద్యోగి కావడంతో అతనికి అదే రోజు తొలగింపు నోటీసు ఇచ్చారు.

ట్యాంకులో మట్టం కొలిచే ట్రాన్స్‌మిటర్‌కు రెండే తీగలుంటాయి. దానికి కరెంటు అందేదీ, కొలత ప్యానెల్‌కు చేరేదీ వాటి మీదే. ట్యాంకు ఖాళీ అయితే నాలుగు మిల్లీయాంపులు, నిండితే ఇరవై. దాన్ని విప్పించి బల్ల మీద పరీక్షించాను. ఇరవై ఇచ్చింది. ట్యాంకు దగ్గర నుంచి, ట్రాన్స్‌మిటర్‌కు బదులు క్యాలిబ్రేటర్ అనే పరీక్ష పరికరంతో ఇరవై పంపితే ప్యానెల్ తెర నూరు శాతం చూపించింది. పరికరాలు సక్రమంగా ఉన్నాయని రాసి సంతకం చేశాను.

మర్నాడు పైడిరాజు నా గదికి వచ్చాడు.

"నాను సూత్తానే ఉన్నాను సార్. అరవై తొమ్మిది కాడ ఆగిపోనాది. ఓడోళ్లు పంపు తగ్గించారనుకున్నాను. డౌటొచ్చి ట్యాంకు కాడి మీటరు కూడా సూడమన్నాను. అదీ అరవై తొమ్మిదే. రెండూ అబద్ధమాడతాయేటి?"

అతను కల్పిస్తున్నాడని అనుకోలేకపోయాను. నిజమే అనుకుందామంటే నా పరీక్షలు అడ్డొచ్చాయి. రెండు రోజులు డ్రాయింగులు తిరగేశాను. ఏమీ బోధపడలేదు.

మూడో రోజు ట్రాన్స్‌మిటర్‌ను దాని చోటే ఉంచి, ఒక్క తీగ కూడా విప్పకుండా, చేతి పరికరంతో ఇరవై ఇమ్మని ఆదేశించాను. పదిహేను దగ్గర ఆగింది. లెక్క కడితే అది అరవై తొమ్మిది శాతం.

ప్యానెల్ ఇచ్చేది ఇరవై నాలుగు వోల్టులు. కరెంటు పెరిగేకొద్దీ దారిలో ఉన్న ప్రతి పరికరమూ అందులో మరికొంత తినేస్తుంది. ట్యాంకు దగ్గరి మీటరు కూడా ఆ రెండు తీగల్లోనే ఉంది. అది తన వాటా తీసుకోగా ట్రాన్స్‌మిటర్‌కు మిగిలింది చాల్లేదు. బల్ల మీద పరీక్షించినప్పుడు ఆ మీటరు లేదు. క్యాలిబ్రేటర్‌కు సొంత బ్యాటరీ ఉంది. అందుకే రెండు పరీక్షలూ నెగ్గాయి.

ఆపరేటర్లకు వీలుగా ఉంటుందని ఆ మీటరు పెట్టించింది నేనే, చేరిన మొదటి నెలలో. ఆ తర్వాత పొంగిన రోజు వరకూ ఆ ట్యాంకు అంత ఎత్తు నిండలేదు.

రెండో నివేదిక రాశాను. మీటరు ఎవరు పెట్టించారో రాయనక్కర్లేదు కదా అన్నారు మేనేజరు. రాశాను. నోటీసు వెనక్కి తీసుకున్నారు. పైడిరాజు మాత్రం, "ఆ మీటరు ఉంచుతారా, తీసెత్తారా సార్?" అని అడిగాడు. తీయించాను.

ఆ తర్వాత రెండు తీగల్లో ఏది కలిపినా, అన్నీ కలిపి ఉంచే నిండు ఇరవై పంపి చూశాను. విడివిడిగా పరీక్షించి బాగున్నాయని అంతకుముందు ఎన్ని సంతకాలు చేశానో నాకు తెలియదు.