అమ్మను లేపిన సూది

ఆ సంవత్సరం అమ్మను చూసుకోవడమే నా పని. రొమ్ములో మొదలైన జబ్బు వెన్నెముకకు పాకింది. ఇక నొప్పి తగ్గించడం తప్ప చేయగలిగిందేమీ లేదని బెంగళూరు ఆసుపత్రిలో చెప్పి, వీపున అతికించే మందు పట్టీలు రాసిచ్చారు. అవి మార్ఫిన్ లాంటి మందే. చర్మంలోంచి కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుంది.

తాడిపత్రిలో మా పెరడంతా నాపరాళ్ళే. చలికాలం మధ్యాహ్నాలు వెచ్చగా ఉంటాయి. ఒకరోజు నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెలు తీసుకుని వీధి చివరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఎండలో రాళ్ళ మీద వెల్లకిలా పడుకుని ఉంది. వీపుకు వేడి తగిలితే హాయిగా ఉంటుందని ఎప్పుడూ అనేది. చాలా రోజులకు నిద్ర పట్టింది కదా అని లేపలేదు. నేనూ కూర్చుని నింపాదిగా అన్నం తిన్నాను.

తర్వాత లేపబోతే లేవలేదు. ఒక ఊపిరి తీసి, మళ్ళీ తీయడానికి చాలా సేపు పడుతోంది. పెదవులు నల్లబడ్డాయి. పక్కింటి ఆటో ఆయన్ను కేకేశాను. అంబులెన్సు కోసం ఆగొద్దని ఆయనే అమ్మను ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంది. ఏం మందు వాడుతున్నారని అడిగింది. నేను వీపు చూపించాను. ఆమె పట్టీ పీకేసి, ఎండ వేడికి మందు ఒక్కసారిగా దిగిపోయిందని చెప్పింది. నర్సు ముఖానికి మాస్కు పెట్టి గాలి సంచి నొక్కుతుంటే, డాక్టరమ్మ నాలోక్సోన్ అనే సూది వేసింది. ఆ మందు పనిని అడ్డుకునే సూది అది. కాసేపటికే అమ్మ ఛాతీ ఎగసింది, కళ్ళు తెరిచింది.

ఆ సూది, పట్టీ మందు మత్తుతో పాటు నొప్పి ఉపశమనాన్నీ లాగేసుకుంది. అమ్మ మంచం పట్టె పట్టుకుని మూలిగింది, వాంతి చేసుకుంది. తర్వాత నావైపు చూసింది.

"సుకంగా నిద్దర పోతాంటి గదే. యాల లేపితివి?"

"ఊపిరి ఆడలేదమ్మా నీకు."

అమ్మ మొహం అటు తిప్పుకుంది.

సూది పని తొందరగా అయిపోతుందనీ, పట్టీ మందు ఇంకా ఒంట్లోనే ఉంటుందనీ, కనిపెట్టుకుని ఉండమనీ డాక్టరమ్మ చెప్పింది. అన్నట్టే సాయంత్రం ఊపిరి మళ్ళీ మందగించింది. నర్సును పిలిచాను. ఈసారి సూది వేస్తుంటే అమ్మ కాళ్ళు పట్టుకుని, మొహం చూడలేక గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

తక్కువ మోతాదు పట్టీతో ఇంటికి పంపారు. అమ్మ ఆ రోజు సంగతి ఎత్తలేదు. ఒకరోజు తల దువ్వుతుంటే మాత్రం, "ఆ పొద్దు శానా బయపడినావేమో" అంది.

"అవునమ్మా."

"ఇంగోసారి అట్లయితే లేపొద్దు."

జడ అల్లడం పూర్తి చేశాను.

తొలకరి రాకముందే ఒక ఉదయం, అర గ్లాసు రాగి అంబలి తాగాక, అమ్మ జబ్బుతోనే పోయింది. ఆ రోజు ఎవరినీ పిలవాల్సిన అవసరం రాలేదు. చుట్టాలంతా వెళ్ళిపోయాక పడుకున్నాను. మర్నాడు పొద్దు బాగా ఎక్కేదాకా నాకు మెలకువ రాలేదు.