ఉపవాసం రోజున పెట్టిన రక్తదాన శిబిరం

2023 ఏప్రిల్. కర్నూలులోని ఒక బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి ఇరవై రెండేళ్లయింది. రక్తం గ్రూపు చూడడం, పరీక్షలు చేయడం, బ్యాగులు భద్రపరచడం నా పని. వీటితోపాటు ఊళ్లలో రక్తదాన శిబిరాలు కుదర్చడం కూడా నా మీదే ఉండేది. ఫోన్లో మాట్లాడి తేదీ ఖాయం చేసేది నేనే.

వేసవి మాకు కష్టకాలం. మాకు వచ్చే రక్తంలో ఎక్కువ భాగం కాలేజీల నుంచే వస్తుంది. పరీక్షలు మొదలైతే అక్కడ శిబిరాలు ఉండవు. అవసరం మాత్రం తగ్గదు. కాన్పులు, ప్రమాదాలు ఒక ఎత్తు, తలసేమియా పిల్లలు ఒక ఎత్తు. తలసేమియా అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, పుట్టుకతో వస్తుంది. ఆ పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ ఏడాది మార్చి చివరలో ఇద్దరు తల్లులకు నాలుగు రోజులు ఆగి రమ్మని చెప్పి పంపాం.

అలాంటి సమయంలో బేతంచెర్ల దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

“సార్, నా పేరు కెజియా. మా చర్చి యూత్ సెక్రటరీని. మా ఊర్లో బ్లడ్ క్యాంప్ పెట్టాలనుకుంటాండాము. నలభై మంది ఇస్తామన్నారు.”

ఎప్పుడు పెడదామని అడిగాను.

“గుడ్ ఫ్రైడే దినం సార్. ఆ పొద్దు అందరూ చర్చి కాడనే ఉంటారు. యాడికీ పోరు. మిగతా దినాలైతే సగం మంది క్వారీల్లో, సగం మంది పాలిష్ ఫ్యాక్టరీల్లో ఉంటారు.”

సరే అని వెంటనే డైరీలో రాసుకున్నాను. మా ఆవిడ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. సెలవు రోజుల్లో ఇంట్లో ఉండలేక, ఆ రోజుల్లో ఏ శిబిరం వచ్చినా నేనే తీసుకునేవాణ్ని. సెలవు రోజున పని దొరికిందన్నంత వరకే నా ఆలోచన వెళ్లింది.

కెజియా నంద్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి ఫ్యాక్టరీలో బండలు పాలిష్ చేస్తాడు. వాళ్ల చర్చిలో యూత్ అంటే అప్పటివరకు క్రిస్మస్‌కు పాటలు పాడడం, పెండ్లిళ్లకు కుర్చీలు మోయడం. మగపిల్లలు పనులకు పోతుండడంతో సెక్రటరీ పని ఈ అమ్మాయికి వచ్చింది. మొదట్లో ఆదివారం ప్రకటనలు చదివితే ముందు వరసకు కూడా వినపడేది కాదట. శిబిరం కోసం ఊరంతా తిరిగింది. మొదటి ఇంటి ముందు చాలాసేపు నిలబడి, పిలవకుండానే వెనక్కి వచ్చేసిందట. పదో ఇంటికి వచ్చేసరికి మంచినీళ్లు అడిగి, కూర్చుని, ఆ తర్వాత విషయం చెప్పడం అలవాటైంది. ఇవన్నీ ఆమె తర్వాత చెప్పిన సంగతులు.

సంఘ పెద్దలు అంత సులభంగా ఒప్పుకోలేదు. వాళ్లలో ముఖ్యుడు ఆశీర్వాదం అనే రైతు. ఆయన ఒక షరతు పెట్టాడు. ఇది బాగా జరిగితే యూత్ తన కార్యక్రమాలు తానే చేసుకోవచ్చు. అభాసుపాలైతే మళ్లీ పెద్దలు చెప్పిన పనులే చేయాలి, సెక్రటరీని కూడా పెద్దలే పెడతారు.

శుక్రవారం ఉదయం తొమ్మిదికి చేరుకున్నాం. డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు, డ్రైవరు, నేను. పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పే గదిలో నాలుగు మంచాలు వేశాం. కెజియా తెల్ల చుడీదార్ వేసుకుని వాకిట్లో టోకెన్లు ఇస్తోంది. జనం బాగానే వచ్చారు. ప్రార్థన పన్నెండుకు మొదలై మూడు దాకా సాగుతుంది కాబట్టి, ఈలోగా పని అయిపోతుందనుకున్నాం.

రక్తం ఇచ్చేవాళ్లను మొదట కొన్ని ప్రశ్నలు అడుగుతాం. వయసెంత, బరువెంత, జబ్బులేమైనా ఉన్నాయా, చివరగా ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర రక్తం తీసుకోం. కళ్లు తిరిగి పడిపోతారు. అలాంటివాళ్లను వెనక్కి పంపడాన్ని మా భాషలో డిఫర్ చేయడం అంటారు. పనికిరారని కాదు, ఇప్పటికి వద్దని.

మొదట వచ్చినవాడు దావీదు, పాతికేళ్లవాడు. మంచి ఒడ్డూ పొడుగూ.

“ఏం తిన్నావు పొద్దున?”

“ఏం తినలేదు సార్. ఈ పొద్దు ఉపవాసం గదా.”

తర్వాతి మనిషీ అదే చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన ఆవిడా అదే చెప్పింది. ఏడో మనిషి దగ్గర డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది.

“ఎవరు పెట్టారండీ ఈ తేదీ?”

నేను జవాబు చెప్పేలోగా వాకిట్లోంచి కెజియా అంది. “నేనే మేడమ్.” ఒక్క క్షణం ఆగి, “నేనూ ఉపవాసమే. అయినా నాకు తట్టలేదు,” అంది.

నాకు తట్టి ఉండాల్సింది. మా బ్లడ్ బ్యాంకులో ఒక క్రైస్తవ నర్సు ఉంది. ఏటా గుడ్ ఫ్రైడే నాడు ఉపవాసం ఉండి, చర్చికి పోవడానికి సెలవు పెడుతుంది. ఇరవై రెండేళ్లుగా వచ్చినవాళ్లందరినీ ఏం తిన్నారని అడిగిన నేను, తేదీ రాసుకునేటప్పుడు ఆ ప్రశ్న అడగలేదు. నియమం తెలిసినవాణ్ని నేను. ఆ అమ్మాయికి అప్పటికి ఆ నియమం ఎవరూ చెప్పలేదు.

బయట నవ్వులు మొదలయ్యాయి. ఆశీర్వాదం అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఏమ్మా సెక్రటరీ, నోరు కట్టుకున్న దినమే దొరికిందా నీకు? శానా బాగుండాది నీ పెత్తనం.”

 కెజియా నా దగ్గరికి వచ్చింది. “సార్, ఫ్యాక్టరీలో మనోళ్లు కానోళ్లు ఉంటారు. వాళ్లు తినింటారు. బండి తీద్దామా?” అంది.

వ్యాన్‌లో వెళ్లాం. ఆ పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ పేరు మహబూబ్ బాషా, కెజియా తండ్రికి స్నేహితుడు. విషయం విని నెత్తిన ఉన్న టవలు తీసి ముఖం తుడుచుకున్నాడు. రంజాన్ నెల నడుస్తోందన్నది అప్పటిదాకా మా ఇద్దరికీ గుర్తు లేదు.

“మీది ఉపాసం, మాది రోజా. తిన్నోళ్లను యాడనుంచి తెచ్చేదమ్మా నేను? ఏం సారూ, ఊరంతా పస్తుండే దినం వెతుక్కోని వచ్చినారే.”

నేను నవ్వలేదు. కెజియా మాత్రం నవ్వేసింది. ఆయనే అటూ ఇటూ తిరిగి అయిదుగురిని పోగేశాడు. అందరూ లారీలవాళ్లు. ఒకడికి బీపీ ఎక్కువగా ఉంది, ఇద్దరు ముందు రోజు మందు తాగి ఉన్నారు. మిగిలిన ఇద్దరూ ఇచ్చారు. పన్నెండయ్యేసరికి మా దగ్గర రెండు బ్యాగులు ఉన్నాయి. లోపల ప్రార్థన మొదలైంది.

డాక్టరమ్మ సర్దమంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఎండ బాగా ఉంది, ఆ గదిలో ఒకటే ఫ్యాను. నేను డబ్బాలు కట్టడం మొదలుపెట్టాను. కెజియా ఒక్క మాట అడిగింది. “మేడమ్, తిన్నాక ఎంతసేపటికి తీసుకోవచ్చు?” గంట ఆగితే చాలని డాక్టరమ్మ చెప్పింది. కెజియా తలూపి లోపలికి వెళ్లింది.

గుడ్ ఫ్రైడే ప్రార్థనలో సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఐదో మాట దాహాన్ని గురించినది. ఆ ఏడాది దాన్ని కెజియాకు ఇచ్చారు. ఒకటిన్నర ప్రాంతంలో మైకులో ఆమె గొంతు వినిపించి నేను చర్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. కాగితం చూసి నాలుగు వాక్యాలు చదివింది. గొంతు సన్నగా ఉంది. తర్వాత కాగితం మడిచి పక్కన పెట్టింది.

“నేను ఇంకో మాట చెప్పాల. మీ ఇండ్లకొచ్చి మీ చేత మాట తీసుకున్నా. మీరు మాట తప్పకుండా వచ్చినారు. ఎనక్కి పంపినాము. ఈ తేదీ పెట్టింది నేను. తప్పు నాది. యూత్‌లో ఎవురిదీ కాదు.”

 ఆమె కొనసాగించింది.

“ఇప్పుడొకటి అడుగుతాండా. మూడింటికి ప్రార్థన అయిపోయినాక ఇండ్లల్లో తిని పండుకోవద్దండి. చేసిపెట్టుకున్నది ఏదైతే అది ఈడికే తెండి. అందరం ఈన్నే తిందాము. గంటసేపు కూర్చుందాము. ఇచ్చేవాళ్లు ఇయ్యండి. ఇయ్యనోళ్లు తిని పోండి, నేనేమీ అనుకోను.”

ముందు వరసలోంచి ఆశీర్వాదం లేచాడు. “అంతసేపు డాక్టరమ్మ ఉంటాదా? అడిగినావా?”

“లేదు పెద్దాయనా. ఇప్పుడు అడుగుతా.”

అందరూ వెనక్కి తిరిగారు. నా పక్కన డాక్టరమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో నేను చూడలేదు. “ఆరు దాకా ఉంటాం,” అంది ఆమె. మైకు అక్కర్లేకుండానే వినిపించింది.

అప్పుడు నేను ఒక్క వాక్యం చెప్పి ఉండాల్సింది. తేదీకి ఒప్పుకున్నది నేను, నియమం తెలిసి కూడా అడగనిది నేను. అందరూ మా వైపే చూస్తున్నారు కూడా. నేను చెప్పలేదు. ఇది వాళ్ల ప్రార్థన, బయటివాడు మాట్లాడకూడదు అనుకున్నాను. అది సాకు. డాక్టరమ్మ కూడా బయటి మనిషే.

మూడున్నరకు చర్చి ముందు పరిచిన బండల మీద నీడ చూసుకుని జనం కూర్చున్నారు. సంగటి, పప్పు, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి, కొందరు అన్నం, చారు. సగం మంది ఇండ్లకు వెళ్లిపోయి రాలేదు. కెజియా జేజి, అంటే నాయనమ్మ, ఒక మూల కూర్చుని గ్లాసుతో నీళ్లు తాగుతోంది. ఎవరో ముద్ద పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“తిన్నోళ్లంతా రక్తమియ్యాలంట. నాకొద్దు తల్లీ, నేను నీళ్లతోనే సరిపెట్టుకుంటా.”

“నీ వయసుకు తీసుకోరులే జేజీ, తిను,” అంది కెజియా.

“ముందే చెప్పొద్దా మే. ఎయ్యి, ఇంకో ముద్ద ఎయ్యి.”

నాలుగున్నరకు మళ్లీ మంచాలు వేశాం. దావీదు మొదట పడుకున్నాడు. తర్వాత ఆడవాళ్లు వచ్చారు, ఇద్దరికి హిమోగ్లోబిన్ తక్కువ ఉంటే మాత్రలు రాసిచ్చాం. ఆశీర్వాదం చొక్కా చెయ్యి మడుచుకుని వరసలో నిలబడ్డాడు. ఆధార్ కార్డు చూస్తే అరవై ఏడు. అరవై ఐదు దాటితే తీసుకోం.

“అంటే, పనికిరానంటావా సారూ?”

“డిఫర్ చేశామండీ.”

“ఏదో ఒగటిలే. ఇంగ్లీషులో చెప్తే నొప్పి తెలీదు.”

ఆరుకు సర్దేముందు కెజియా వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. డాక్టరమ్మ మామూలుగానే అడిగింది, ఏం తిన్నావని.  అందరికీ వడ్డించే హడావుడిలో కెజియా తినలేదు. ఆ రోజు మేం డిఫర్ చేసిన చివరి మనిషి ఆమే.

మొత్తం పంతొమ్మిది బ్యాగులు. ఆమె చెప్పిన నలభైలో సగం కూడా కాదు. వ్యాన్ ఎక్కుతుంటే ఆశీర్వాదం ఆమెతో అనడం విన్నాను. “మల్లా ఎప్పుడు పెడ్తావు? ఈ తూరి నన్నొక మాట అడిగి పెట్టు.” ఆ లెక్కన షరతు తీరినట్టే. ఆమె సెక్రటరీగానే ఉంది.

మరుసటి ఏడాది ఆగస్టులో అక్కడే మళ్లీ శిబిరం పెట్టారు. ఏర్పాట్లన్నీ కెజియావే. మొదలుపెట్టేముందు రెండు మాటలు చెప్పమని నాకు మైకు ఇచ్చింది. రక్తదానం గురించి చెప్పాల్సింది చెప్పాక, పోయినసారి తేదీ విషయంలో తప్పు నాదేనని, ముందుగా అడగాల్సినవాణ్ని నేనేనని చెప్పాను.  ఆశీర్వాదమే తేరుకుని అన్నాడు.

“ఏందప్పా ఇది, యాడాదిపైన ఆ పిల్లనే అంటాంటిమే మేము. పెండ్లిళ్ల కాడ, పొలాల కాడ, యాడ చూసినా అదే మాట. ఉపవాసం సెక్రటరీ అని పేరు కూడా పెడ్తిమి.”

అందరూ నవ్వారు. కెజియా కూడా నవ్వింది. నాకు మాత్రం ఆ ఏడాది పైచిలుకు కాలం లెక్కకు వచ్చింది. నేను చెప్పకుండా మిగుల్చుకున్న మాటను ఆమె అన్ని రోజులు ఊళ్లో మోసింది.

సామాను ఎక్కిస్తున్నప్పుడు ఆమెకు క్షమాపణ చెప్పాను.

“అట్లనుకోవద్దండి సార్,” అంది. “ఆ పొద్దు మీరు లేసింటే నేను కూర్చోనుండేదాన్ని. పెద్దోళ్లు చూసుకుంటారులే అనుకునేదాన్ని.”

అది నిజమే కావచ్చు. ఈ మధ్య యువజన సంఘాల వాళ్లు శిక్షణకు పిలిస్తే నేను కూడా చెబుతుంటాను, పెద్దలు అడుగడుగునా అడ్డం పడకుండా ఉంటే పిల్లలు నిలబడడం నేర్చుకుంటారని. అయితే ఆ రోజు నేను ఆమెకు అవకాశం ఇవ్వడం కోసం ఊరుకోలేదు. నలుగురిలో తప్పు ఒప్పుకోవడానికి భయపడి ఊరుకున్నాను. బయటినుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా నాకు తెలుసు. అందుకే శిక్షణలో ఆ మాట చెప్పిన ప్రతిసారీ, ఇది కూడా చెబుతున్నాను.