రాహుకాలానికి ముందే

గుడియాత్తంలో మేస్త్రీల ఇళ్ళ పిల్లలకు ఒక సంగతి ఉగ్గుపాలతోనే వచ్చేస్తుంది. పనికి కుదిరిన వేళ రాహుకాలంలో పడితే, అంతకు ముందే ఒక తట్ట కాంక్రీటు పోసి పెట్టాలి. మొదలైంది మంచి గడియలోనే గనక ఆ తర్వాత దోషం లేదు. హేమనాథ్ తాపీ వదిలి వేలూరులో కంప్యూటరు ముందు కూర్చున్నాడు గానీ, ఆ అలవాటు మాత్రం అతన్ని వదల్లేదు.

అతని ఆఫీసులో దుకాణాలకు సాఫ్ట్‌వేర్ చేస్తారు. వేల ముక్కలుగా రాసిన ప్రోగ్రామును మిషను ముక్కముక్కగా తయారుచేసి, చివర అన్నిటినీ కలిపి కూర్చుతుంది. దాన్ని వాళ్ళు బిల్డు అంటారు. పాత మిషనులో బిల్డు పెట్టి పళ్ళికొండ దాకా పోయి దోసె తిని వచ్చినా అయ్యేది కాదు. ప్రాసెసర్లు ఎక్కువున్న పెద్ద మిషను కొంటే, స్లాబు రోజున బంధువులంతా చెయ్యి వేసినట్టు ముక్కలన్నీ ఒకేసారి తయారైపోతాయని హేమనాథ్ వాదన.

తోటి ఉద్యోగి గౌతమి ఒప్పుకోలేదు. "ముక్కలు పంచుకుంటాయి, సరేప్పా. చివర కలిపే పని ఒకటే కదా చేసేది? మిగిలినవన్నీ చేతులు కట్టుకోని నిలబడాల్సిందే. అంత దుడ్డు దండగ" అంది.

యజమాని శివప్రకాశం ఒక పెద్ద మిషనును పరీక్షకు తెప్పించి, శుక్రవారం పదకొండు గంటలకు అందరి ముందూ దాని వేగం చూద్దామన్నాడు. శుక్రవారం పదకొండంటే నట్టనడి రాహుకాలం.

"పొద్దున్నే పోయి ఒక తూరి నొక్కేసి పెట్టు నాయనా" అంది తల్లి చెంగమ్మ. హేమనాథ్ అందరికంటే ముందే వెళ్ళి, దండం పెట్టుకుని, బిల్డు నడవనిచ్చి టీకి పోయాడు.

పదకొండుకు మళ్ళీ నొక్కాడు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది! చప్పట్లే చప్పట్లు. గౌతమి మాత్రం తెర మీది నుంచి చూపు తిప్పకుండా, "పాతవన్నీ తుడిచే మొదలుపెట్టినావా?" అని అడిగింది.

అప్పుడు తట్టింది హేమనాథ్‌కు. పొద్దున తయారైన ముక్కలు అలాగే ఉన్నాయి. మిషను వాటిని మళ్ళీ చేయనే లేదు, ఉన్నాయని చూసి చేతులు దులుపుకుంది. చప్పట్లు ఇంకా ఆగలేదు.

"ఆఁ, తుడిచినా" అన్నాడు.

శివప్రకాశం మిషను కొన్నాడు. అసూయ పనికిరాదమ్మా అని గౌతమిని ఆ పని నుంచి తప్పించి, పక్క గదిలో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. బిల్డు ఆలస్యమైనప్పుడల్లా హేమనాథ్ ఏదో ఒక సాకు చెప్పేవాడు. అబద్ధం ఆడినంత సులువా దానికి కాపలా కాయడం? గౌతమి ఎదురొస్తే చెప్పులు చూసుకుంటూ పోయేవాడు.

కొన్నాళ్ళకు గుడియాత్తంలో హేమనాథ్ వాళ్ళ మేడ మీద స్లాబు వేశారు. ఆఫీసువాళ్ళందరినీ భోజనానికి పిలిచాక గౌతమినొక్కదాన్నే ఎలా వదిలేస్తాడు? చెంగమ్మ ఆమె ఆకులో కొసరి కొసరి వడ్డిస్తూ మురిసిపోయింది.

"మావాడి పేరు నిలబడిందంటే నేను చెప్పబట్టేమ్మా! రాహుకాలానికి ముందే పోయి ఒక తూరి నడిపించి పెట్టినాడు. అందుకే పదకొండుకు అంత బిరీన అయిపోయె. ఇంకొంచెం అన్నం పెట్టేదా?"

గౌతమి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సాంబారు బకెట్టుతో నిలబడ్డ హేమనాథ్ వైపు ఒకసారి చూసింది. నలుగురిలో కడిగేసినా అతనికి అంత నొప్పి ఉండేది కాదు. ఆమె చెంగమ్మ వైపు తిరిగి నవ్వి, "చాలమ్మా, కడుపు నిండిపాయ" అంది. హేమనాథ్‌కు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. బకెట్టు అక్కడే దించి మెట్లు దిగిపోయాడు.

తర్వాతి శుక్రవారం, సరిగ్గా పదకొండుకు, అందరినీ మిషను చుట్టూ పిలిచాడు. ఫోను మోగుతుండటంతో గౌతమి ఒక్కతే రాలేకపోయింది. ముందుగా చెయ్యి పెట్టలేదు. వాళ్ళ కళ్ళెదుటే పాతవన్నీ తుడిచి నొక్కాడు. మిషను నడుస్తూనే ఉంది. నిలబడ్డవాళ్ళు కుర్చీలు లాక్కున్నారు.

"ఏమైందప్పా?" అన్నాడు శివప్రకాశం.

"ఆ దినం తుడవలేదు సార్. గౌతమి అడిగినప్పుడు తెలిసే అబద్ధం చెప్పినా."

శివప్రకాశం పక్క గది వైపు తిరిగాడు. అక్కడి నుంచి గౌతమి గొంతు వినిపించింది. ఎవరికో ఫోనులో చెబుతోంది. "తప్పు మాదే సార్. కోపం చేసుకోవద్దండి."