మోచేతుల దాకా అనుమానం

మా బాబాయికి అనుమానం. ఫలానా వాళ్ల మీద అని కాదు, తన నీళ్ల తొట్టె దరిదాపుల్లో ఊపిరి పీల్చే ప్రతి ప్రాణి మీదా. వరసకు బాబాయి కాదు, మా వర్క్‌షాపు మేస్త్రీ. అందరం అలాగే పిలుస్తాం.

మేం కిటికీల అల్యూమినియం ఫ్రేములకు యాసిడ్ తొట్టెలో గట్టి పొర పట్టిస్తాం. ఆ పొర నిండా కంటికి ఆనని రంధ్రాలు. ఫ్రేములను కడిగి, చివరగా సీలింగ్ తొట్టెలో సలసలా కాగే శుద్ధమైన నీళ్లలో ముంచితే ఆ రంధ్రాలు మూసుకుపోయి సీలవుతాయి. ఆ నీళ్లలో కాస్త సబ్బు కలిసినా, మామూలు కుళాయి నీళ్లు చేరినా పని చెడుతుంది. బాబాయి దృష్టిలో మనుషులంటే కాళ్లొచ్చిన సబ్బుబిళ్లలు.

పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "చేతులు చూపించు" అనేవాడు. వాసన చూసి, ఏ సబ్బని ఆరా తీసేవాడు. ఒకసారి వెల్డరు తుమ్మితే, ఏ దిక్కుకు తుమ్మాడో అందరినీ విడివిడిగా పిలిచి అడిగాడు. ఆవిరి మీద తిరుగుతున్న ఈగను తరుముతూ, దీన్ని ఎవరో పంపారన్నాడు. పిన్ని క్యారేజీ తెస్తే మూత తీయకుండానే, గిన్నెలు దేనితో తోమావన్నాడు. ఆవిడ క్యారేజీ వెనక్కి పట్టుకుపోయింది. ఆ పూట మా అందరి క్యారేజీల్లోంచి తలా ఒక ముద్ద తిన్నాడు, వాసన చూసి మరీ.

నేను చదువు మధ్యలో ఆపేసి అక్కడ చేరాను. యాసిడ్ తొట్టెలోంచి వచ్చిన ఫ్రేములను కడగడం నా వంతు, ఒట్టి చేతులతో. నీళ్లలో పనికి గ్లవ్స్ ఎందుకనేవాడు ఓనరు. వేళ్లు పగిలి మండేవి. అడగడానికి నాకు నోరు రాదు. పొద్దున బాబాయి చూపు నా వేళ్ల దగ్గర ఆగిపోయేది. నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నాడని హడలిపోయేదాన్ని.

ఒకరోజు ఫ్రేములన్నీ తెల్లటి పొడి పట్టి బయటికొచ్చాయి. ఓనరు ఊగిపోతూ వచ్చేసరికి, బాబాయి సీలింగ్ తొట్టె పైనున్న కుళాయిని బిగించి దిగుతున్నాడు. తిన్నగా నన్ను చూపించాడు.

"ఈ అమ్మాయి చేతుల మీదే నా అనుమానం."

ఈ పని పోతే ఇంట్లో ఏం చెప్పాలి?

"అయితే రేపట్నుంచి రావద్దను," అన్నాడు ఓనరు.

"ఈ పిల్లని తీసేస్తే ఇంకొకరి చేతులొస్తాయి. అవెలాంటివో! మోచేతుల దాకా గ్లవ్స్ తెప్పించండి. కడిగేవాళ్లందరికీ. నాకు ఎవరి మీదా నమ్మకం లేదు."

మా చేతుల కోసం కదలని ఓనరు నీళ్ల కోసం కదిలాడు. మధ్యాహ్నానికల్లా గ్లవ్స్ వచ్చాయి. ఈలోగా బాబాయి తొట్టె ఖాళీ చేయించి కొత్త నీళ్లు పట్టించాడు. తర్వాతి ఫ్రేములు మచ్చ లేకుండా వచ్చాయి. అంతా గ్లవ్స్ మహిమేనన్నాడు ఓనరు.

కొన్నాళ్లకు ధైర్యం చేసి అడిగాను. "బాబాయ్, ఆ రోజు తొట్టెలోకి కుళాయి కారింది కదా. పొడి పట్టింది దానివల్లేగా?"

ఆయన అటూ ఇటూ చూసి, కళ్లు చికిలించాడు. "నన్ను కనిపెడుతున్నావా? నీ మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఏదీ, చేతులు చూపించు."

గ్లవ్స్ తీశాను. ఈసారి వాసన చూడలేదు. పగుళ్లు మానాయో లేదో వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"తొడుక్కో. ఓనరు వస్తున్నాడు," అంటూ గుమ్మం వైపు నడిచాడు. "ఆయన చేతులు చూడాలి."