ఐదువందల ముక్కల మరియమ్మ

1993 డిసెంబరు 18, శనివారం, సాయంత్రం ఐదు గంటలు. మెట్టుగూడ ఇంట్లో ఉన్నవారు: నేను, నా భార్య, ఆమె పనిచేసే బడి హెడ్‌మిస్ట్రెస్, పై వాటాలో అద్దెకుండే ఆవిడ. ఆ రోజు డైరీలో మొదట రాసుకున్నది ఇదే.

ఆ ఆగస్టులో నా భార్యకు పక్షవాతం వచ్చింది. మాట, నడక త్వరగానే కుదుటపడ్డాయి. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. చిన్న చిన్న వస్తువులు వేళ్లతో తీసి పెట్టడం అలవాటు చెయ్యమన్నారు డాక్టరు. బియ్యంలో రాళ్లు ఏరమంటే విసుక్కుంది. అప్పుడు హెడ్‌మిస్ట్రెస్, బడి బీరువాలో ఏళ్లుగా పడివున్న జిగ్‌సా పజిల్ పెట్టె తెచ్చి ఇచ్చారు. ఐదువందల అట్టముక్కలు. అన్నీ కలిపితే ఐదువందల ఏళ్ల కిందట ఇటలీలో వేసిన చిత్రం వస్తుంది: నీలి ముసుగులో మరియ, ఒడిలో బాలయేసు, ఇద్దరి తలల వెనక బంగారు వలయాలు.

నా భార్య దాన్ని పరీక్షగా పెట్టుకుంది. తన చేత్తో పూర్తిచేస్తే క్రిస్మస్ సెలవుల తర్వాత బడిలో చేరుతుంది. చెయ్యలేకపోతే ఉద్యోగం మానేస్తుంది. ఇరవై ఆరేళ్లు పిల్లల మధ్య గడిపిన మనిషి మానేసి ఇంట్లో ఎలా ఉంటుందో నాకు ఊహకు కూడా అందలేదు.

నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాను. ముక్కల్ని రంగులవారీగా బిస్కెట్ డబ్బాల్లో సర్దాను. ఆమె రోజూ ఎన్ని పెట్టిందో డైరీలో రాశాను. నవంబరు వచ్చినా రోజుకు నాలుగైదు దాటడం లేదు. కొన్నిటిని సరిపడని చోట బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టేది. పొద్దున్నే ఆమె లేవకముందు వాటిని సరిచేసేవాణ్ణి. సరిచేస్తూ ఇంకో పది పెట్టేవాణ్ణి.

"నిన్న ఇన్ని పెట్టానా?" అని ఆశ్చర్యపోయేది.

"పెట్టావు. రాసుకున్నాను కదా" అనేవాణ్ణి. నా డైరీ అంటే ఆమెకు గురి. నేను తెలిసి అబద్ధం రాసింది ఆ పేజీల్లోనే.

ఆ శనివారానికి ఒక్క ముక్క మిగిలింది, బాలయేసు బుగ్గ. అందుకే ఇద్దర్నీ పిలిచింది. పై వాటా ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, బల్ల ముందు చేతులు జోడించింది.

"ఏంది టీచరమ్మా, మీ అమ్మవారిని గిట్ల ముక్కలు ముక్కలు జేసి అమ్ముతరా?"

"ముక్కలు చేసింది వాళ్లు. అతికింది నేను" అంది నా భార్య.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వారు. "మన ప్రొటెస్టెంటు ఇళ్లల్లో మరియమ్మ బొమ్మ ఎప్పుడు పెట్టుకున్నామే? పాస్టరుగారు చూస్తే ఆదివారం ప్రసంగం నీమీదే."

"గోడకు పెట్టలేదు కదా మేడమ్. పడుకోబెట్టాను. పడుకున్న బొమ్మకు దోషం లేదు."

"సరే, జనవరి నుంచి నాలుగో తరగతి నీదే. ఆ ముక్క పెట్టు, చూస్తాను."

నా భార్య కుడిచేత్తో ముక్క తీసింది.

"సార్ సుత మస్తు కష్టపడ్డడు మేడం" అంది పై వాటా ఆవిడ మెచ్చుకోలుగా. "పొద్దుగాల నీళ్లకు దిగినప్పుడల్ల కిటికీల కెల్లి చూస్తుంటి. టీచరమ్మ లేవకముందే టకటకా పెడ్తుండె."

ముక్క నా భార్య వేళ్ల మధ్యే ఆగిపోయింది.

"ఎన్ని పెట్టారు?" అని నన్నడిగింది.

"సగం దాకా ఉంటాయేమో."

"మీరు ఉంటాయేమో అని ఎప్పుడూ అనరే. ఎన్ని?"

"రెండువందల పది."

"రేపు బోర్డు మీద రాస్తుంటే నా చేతిలోంచి సుద్దముక్క జారుతుంది. అప్పుడు కూడా వెనక నిలబడి రాసిపెడతారా?"

ఆమె ఆ ముక్కను బల్లమీద పెట్టి, "మేడమ్, జనవరిలో నేను రాను" అంది. హెడ్‌మిస్ట్రెస్ ఆమె భుజం తట్టి, టీ తాగకుండానే వెళ్లారు. పై వాటా ఆవిడ మెట్ల దగ్గర ఆగి, "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా సార్?" అంది. తప్పు నాదేనమ్మా అన్నాను.

మర్నాడు ఆదివారం. నేను లేచేసరికి ఆమె బల్ల దగ్గరుంది. బొమ్మ లేదు, ముక్కలన్నీ విడిపోయి పెట్టెలో ఉన్నాయి. ముందు తెల్లకాగితం, చేతిలో పెన్ను. రాజీనామా అనుకున్నాను.

"చెప్పు, నేను రాస్తాను" అన్నాను, అలవాటుగా.

తలెత్తి చూసింది. నేను వంటింట్లోకి వెళ్లి పాలు పొయ్యిమీద పెట్టాను. పాలు కాగాయి, కాఫీ చల్లారింది, ఆమె ఇంకా రాస్తూనే ఉంది. చివరికి కాగితం నా ముందుకు జరిపింది. వరుసలు కిందికి జారాయి. ఇంకో రెండు నెలలు సెలవు కావాలి, చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు, అని నాలుగు వాక్యాలు.

చర్చి అయ్యాక హెడ్‌మిస్ట్రెస్‌కు తనే అందించింది, కుడిచేత్తో.